మూలుగ బొమికలు, ప్లాస్మా కణాలు: మా ప్రాజెక్టు డైరీ

జనవరి 5

ఈ ఏడాది సైన్స్ డేకి విశాఖలోని మా కాలేజీ మైక్రోబయాలజీ డిపార్ట్‌మెంట్ ఏం పెట్టాలో ఇవాళ తేలిపోయింది. ఎముక మూలుగ. థర్మోకోల్ గుండెలు, బ్యాటరీతో వెలిగే ఊపిరితిత్తులు ఈసారి వద్దని ముందే చెప్పేశాను. వాటి ముందు ఎవరూ ఆగరు. చేసిన పిల్లలకు గ్లూ గన్ పట్టుకోవడం తప్ప ఏమీ రాదు.

విషయం క్లాసులోనే పుట్టింది. రక్తంలో తిరుగుతూ సూక్ష్మజీవులను పట్టుకునే ఐజీజీ అనే రకం యాంటీబాడీ సగం ఆయుష్షు, అంటే సగానికి తగ్గే కాలం, దాదాపు 21 రోజులు అని బోర్డు మీద రాస్తే, మద్దిలపాలెం నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మరి ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ అన్నేళ్లు ఎలా పనిచేస్తుంది మేడమ్?" అంది. అక్కడికక్కడే లెక్క కట్టించాను. మూడు వారాలకోసారి సగమైపోతుంటే ఏడాది తిరిగేసరికి పదిహేడు సార్లు సగమవుతుంది. మొదట ఉన్నదాంట్లో లక్షో వంతు కూడా మిగలకూడదు. కానీ మిగులుతోంది. 2007లో అమెరికాలో ఆమన్నా, స్లిఫ్కా బృందం 45 మంది రక్తాన్ని, వాళ్లలో కొందరిది 26 ఏళ్ల వరకూ, పరీక్షించి చూసింది. ధనుర్వాతం మీద యాంటీబాడీలు సగానికి దిగడానికి 11 ఏళ్లు, డిఫ్తీరియా మీదవి దిగడానికి 19 ఏళ్లు పడుతుందని తేల్చింది. ఈ రెండూ బాక్టీరియా విషాల మీద పుట్టిన యాంటీబాడీలే.

మూడు వారాలెక్కడ, పదకొండేళ్లెక్కడ? ఈ తేడాయే మా ప్రాజెక్టు. వస్తువు ఆయుష్షేమో మూడు వారాలు, దాని ప్రభావమేమో ఏళ్ల తరబడి. అలాంటప్పుడు ఎవరో ఎక్కడో కూర్చుని దాన్ని ఆపకుండా తయారుచేస్తూనే ఉండాలి. ఆ కూర్చునే చోటు మూలుగ.

మూడు పనులు పెట్టుకున్నాం: మేక మూలుగ స్లైడ్లు, నీళ్లతో నడిచే ఒక మోడల్, గోడకు కొన్ని బోర్డులు. ఎలుకల మీద ప్రయోగాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతులు, అదంతా వేరే కథ. మాకు మటన్ కొట్టు చాలు.

జనవరి 8

పిల్లల చేత చదివించాను. 1990ల వరకూ చాలామంది నమ్మకం ఏమిటంటే, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు కొద్ది రోజులో వారాలో బతికి పోతాయని, వాటి స్థానంలో మెమరీ బి కణాలు, అంటే పాత సూక్ష్మజీవిని గుర్తుంచుకునే తెల్లరక్తకణాలు, కొత్తవాటిని పంపుతూ ఉంటాయని. ప్లాస్మా కణాలు పుట్టేది బి కణాల నుంచే. 1997లో బెర్లిన్‌లో మాంజ్, రాడ్‌బ్రుక్ బృందం ఎలుకలకు తాగే నీళ్లలో బీఆర్‌డీయూ అనే రంగుపట్టే గుర్తు కలిపింది. ఏ కణం విభజన చెందినా ఆ గుర్తు దానికి అంటుకుంటుంది. మూలుగలోని ప్లాస్మా కణాలు చాలావాటికి నెలలు గడిచినా అది అంటలేదు. అంటే అవి కొత్తగా పుట్టినవి కావు, పాతవే బతికి ఉన్నాయి.

మరుసటి ఏడాది స్లిఫ్కా, రఫీ అహ్మద్ ఇంకో వైపు నుంచి వచ్చారు. ఎలుకల్లో మెమరీ బి కణాలు కొత్త ప్లాస్మా కణాలను పంపే దారి లేకుండా చేసి చూశారు. అయినా కొన్ని ప్లాస్మా కణాలు ఏడాది దాటి యాంటీబాడీలు పోస్తూనే ఉన్నాయి. అది వైరస్ మీద చేసిన పని, బాక్టీరియా మీద కాదు. కానీ మూలుగ సంగతి మాత్రం రెండింటికీ ఒకటే. రఫీ అహ్మద్ హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో డిగ్రీ చేసినాయన అని చెప్పాను. "మనోడేనా మేడమ్!" అని వెనక బెంచీ కూడా తల ఎత్తింది. పేపర్ చదవమంటే ఎత్తని తలలవి.

మనుషుల్లో దీనికి మంచి సాక్ష్యం రిటుక్సిమాబ్ అనే మందు. బి కణాల మీద సీడీ20 అనే గుర్తు ఉంటుంది. ఈ మందు దాన్ని పట్టుకుని వాటిని నెలల తరబడి రక్తంలో లేకుండా చేస్తుంది. ప్లాస్మా కణాల మీద ఆ గుర్తు ఉండదు కాబట్టి వాటి జోలికి పోదు. అందుకే మందు పడ్డవాళ్లలో బి కణాలు ఖాళీ అయినా ధనుర్వాతం యాంటీబాడీలు పెద్దగా తగ్గవు. ఒక్క మందుతో రెండు రకాల జ్ఞాపకాలు విడివిడిగా కనపడతాయి. దీన్ని బోర్డు మీద పెట్టాల్సిందే.

కనుమ నాడు

సెలవు రోజు పూర్ణా మార్కెట్‌కి వెళ్లడం తెలివైన పనా కాదా అన్నది పక్కన పెడితే, కనుమ రోజు దొరికినంత తాజా ఎముక ఇంకెప్పుడూ దొరకదు. కోసి ఎంతోసేపు కాకముందే కావాలి. ఆలస్యమైతే కణాల ఆకారం చెడిపోతుంది.

కొట్టు ముందు జనం. మా వంతు వచ్చేసరికి నేను, "బాబాయ్, లేత మేకవి పక్కటెముకలు, రొమ్ము ఎముక కావాలి. మూలుగ కోసం" అన్నాను.

"మూలుగ కోసమైతే కాలు బొమికలు తీసుకోవాలిగానమ్మా! పక్క బొమికల్లో ఏముంటాది, పులుసులో వేసినా రుచుండదు" అన్నాడాయన కత్తి ఆపకుండానే.

"పులుసుకి కాదు బాబాయ్, కాలేజీకి."

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి నా పక్కన ఐస్ డబ్బా పట్టుకుని నిలబడ్డ గాజువాక కుర్రాణ్ణి చూసి, ఇంకేమీ అడగకుండా కొట్టిచ్చాడు. గడ్డకట్టిన నెత్తురు కూడా కాస్త సీసాలో అడిగి తీసుకున్నాం. దాని పైన తేలే సీరం మాకు కావాలి.

బాబాయ్ చెప్పింది వంట లెక్కలో నూటికి నూరుపాళ్లు నిజం. పెద్ద జీవాల కాలి ఎముకలో ఉండేది చాలావరకు పసుపు మూలుగ, కొవ్వు. మనం జుర్రుకునేది అదే. రక్తకణాలు పుట్టేదీ, ప్లాస్మా కణాలు కాపురం పెట్టేదీ ఎర్ర మూలుగలో. పెద్దయ్యాక అది పక్కటెముకలు, రొమ్ము ఎముక, వెన్నుపూసలు, తుంటి ఎముక లాంటి చోట్లకే పరిమితమవుతుంది. డాక్టర్లు మూలుగ పరీక్షకు తుంటి ఎముకలోకి సూది దించేది అందుకే.

ల్యాబు తాళం వాచ్‌మన్ దగ్గర తీసుకున్నాం. పక్కటెముకను అడ్డంగా కోసి, కోసిన చివరికి కాస్త ఎగువన కటింగ్ ప్లయర్‌తో మెల్లగా నొక్కితే, ఆ చివర చిన్న ఎర్రటి ముద్ద పైకి ఉబికి వస్తుంది. నెత్తురులా కారదు. తడి మెత్తటి ముద్ద, అందులో నూనె మెరుపు, కనపడీ కనపడని ఎముక పలుకులు. ఆ పలుకు స్లైడు మీద పడితే స్మియర్, అంటే కణాల పలచటి పూత, మొత్తం గీతలు పడుతుంది. సన్నటి పెయింటింగ్ బ్రష్‌ను సీరంలో తడిపి, ముద్దకు తాకించి, స్లైడు మీద పక్కపక్కన గీతలు లాగించాను. సెలైన్‌లో తడిపితే కణాల ఆకారం చెడిపోవచ్చు. సీరంలో కుదురుగా ఉంటాయి. ఫ్యాన్ కింద ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి ఫిక్స్ చేసి ఇంటికొచ్చాను. మా ఇంట్లో మటన్ అప్పటికే అయిపోయింది.

జనవరి 19

లీష్మన్ స్టెయిన్, కణాలకు రంగు పట్టించే ద్రావణం. విశాఖలో ఈ స్టెయిన్ చేసేవాళ్లందరికీ ఒక శత్రువు ఉంది: గాలిలో తేమ. స్టెయిన్ ఉండేది మిథనాల్‌లో. మిథనాల్ తేమ పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన స్టెయిన్ వేస్తే ఎర్ర రక్తకణాల మీద మెరుస్తున్న రంధ్రాల్లా మచ్చలు పడతాయి. సీసా మూత తెరిచి కబుర్లు చెప్పుకునే అలవాటు మా ల్యాబులో చాలామందికి ఉంది. ఇవాళ ఆ సీసా నా టేబుల్ మీదే ఉంచుకున్నాను.

స్టెయిన్ పోసి రెండు నిమిషాలు. తర్వాత దానికి రెట్టింపు బఫర్ నీళ్లు (ఆమ్లత మారకుండా ఉండేవి), పీహెచ్ 6.8, కలిపి మెల్లగా ఊది ఎనిమిది, పది నిమిషాలు. పైన రాగి రంగు తెట్టు కడితే సరిగ్గా కలిసినట్టే. కడగడానికి కూడా బఫరే. కుళాయి నీళ్లతో కడిగితే అంతా నీలమైపోయి ఏ కణం ఏదో తేల్చుకోలేం.

10ఎక్స్ లెన్స్ కింద మొదట కనపడేవి మెగాకారియోసైట్లు, ప్లేట్‌లెట్లను పుట్టించే కణాలు. చుట్టూ ఉన్నవాటి ముందు కొండల్లా ఉంటాయి. పిల్లలు వాటినే ఫోటోలు తీస్తూ కూర్చున్నారు. తీయనిచ్చాను, వాటికీ మా కథలో పాత్ర ఉంది. ఆయిల్ వేసి 100ఎక్స్‌కి మారాక గాజువాక కుర్రాడు, "ఎర్ర రక్తకణాలు ఇంత చిన్నవేంటి మేడమ్?" అన్నాడు. మేకవి అంతే. మనవి ఏడెనిమిది మైక్రాన్లుంటే మేకవి మూడు, నాలుగు మైక్రాన్లు. మనిషి రక్తం చూసిన కంటికి స్లైడు తప్పుగా చేశామేమో అనిపిస్తుంది.

ప్లాస్మా కణాన్ని పట్టుకోవడం అంత తేలిక కాదు. మామూలుగా మూలుగ కణాల్లో నూటికి ఒకటో రెండో ఉంటాయి. దానికితోడు ఎర్ర రక్తకణాలుగా మారబోయే లేత కణాలు కూడా ముదురు నీలంగా, గుండ్రటి కేంద్రకంతో, దాదాపు ఇలాగే ఉంటాయి. తేడా పట్టుకునే పద్ధతి పిల్లలకు ఇలా చెప్పాను. లేత ఎర్రకణంలో కేంద్రకం నడిమధ్యలో ఉంటుంది. ప్లాస్మా కణంలో ఒక పక్కకు నెట్టేసినట్టు ఉంటుంది. కేంద్రకం లోపల పదార్థం ముద్దలు ముద్దలుగా, బండి చక్రం ఆకుల్లా సర్దుకుని ఉంటుంది. కణద్రవ్యం ముదురు నీలం. అందులో కేంద్రకాన్ని ఆనుకుని ఒక తెల్లటి ఖాళీ. ఆ ఖాళీ దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఆ తెల్లటి చోటే గాల్జీ, తయారైన యాంటీబాడీలను సర్ది బయటకు పంపే విభాగం. చుట్టూ నీలమంతా ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముల రంగు. సెకనుకు వేల యాంటీబాడీ అణువులను బయటకు వదిలే కణం అది. ఒంటి నిండా యంత్రాలే, ఇంక దేనికీ చోటు లేదు. మధ్యాహ్నం రెండింటికి మద్దిలపాలెం అమ్మాయి మొదటిదాన్ని పట్టుకుంది. కేంద్రకం పక్కకు, చక్రం, తెల్లటి ఖాళీ, మూడూ ఉన్నాయి. దానికి ఒక వైపు ఎర్రటి గుళికలతో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణం కూడా ఉంది. అడిగినా దొరకని ఫ్రేమ్ అది.

ఎందుకంటే ప్లాస్మా కణం తనంతట తాను ఏళ్లు బతకదు. మూలుగ నుంచి తీసి గిన్నెలో పెడితే ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోతుంది. మూలుగకు ఆధారంగా ఉండే స్ట్రోమా కణాలు సీఎక్స్‌సీఎల్12 అనే పదార్థం వదిలి దాన్ని తమ దగ్గరకు రప్పించుకుంటాయి. ఇసినోఫిల్స్, మెగాకారియోసైట్లు ఏప్రిల్ అనే ప్రొటీన్, ఐఎల్-6 లాంటివి అందించి బతికిస్తాయని ఎలుకల్లో చూశారు. అలాంటి ఇరుగుపొరుగు ఉన్న జాగాలు మూలుగలో కొన్నే ఉంటాయి. ఎన్నో ఇన్‌ఫెక్షన్ల తాలూకు ప్లాస్మా కణాలు ఆ కొద్ది జాగాల కోసమే వస్తాయి.

ఈ స్లైడు చెప్పలేనిది కూడా బోర్డు మీద రాయిస్తున్నాను. ఇది ప్లాస్మా కణం అని చెప్పగలం, ఏ బాక్టీరియా మీద పనిచేస్తోందో చెప్పలేం. దానికి 1983లో వచ్చిన ఎలిస్పాట్ పరీక్ష కావాలి. ప్లేటు అడుగున, ఉదాహరణకు, ధనుర్వాతం టాక్సాయిడ్ (హాని చేయకుండా మార్చిన ఆ బాక్టీరియా విషం) పూసి పైన మూలుగ కణాలు పోస్తే, దాని మీద యాంటీబాడీ చేసే ప్రతి కణం తానున్న చోట ఒక చుక్క వదులుతుంది. చుక్కలు లెక్కపెట్టుకోవడమే. మా డిపార్ట్‌మెంట్ బడ్జెట్‌లో చుక్క కాదు కదా, ప్లేటు కూడా రాదు.

జనవరి 23

కోడి వంతు. బ్రాయిలర్ కోడిని ఐదారు వారాలకే కోస్తారు కాబట్టి ఫాబ్రీషియస్ సంచి అనే చిన్న అవయవం ఇంకా పెద్దగానే ఉంటుంది. తోక కిందుగా, మలద్వారానికి పైన. కోడి పెద్దయ్యేకొద్దీ అది కుంచించుకుపోతుంది. చికెన్ కొట్టులో వేస్ట్ బకెట్‌లోకి పోయేదే, డబ్బులు కూడా తీసుకోలేదు. చీలిస్తే లోపల పొడవాటి మడతలు.

బి కణాలకు ఆ బి అక్షరం ఈ సంచి పేరు నుంచే వచ్చింది. దాని వెనక ఉన్నది కూడా బాక్టీరియా కథే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ ఈ సంచి ఏం పని చేస్తుందో తెలుసుకోవడానికి కోడిపిల్లల్లో దాన్ని తీసేశాడు. పెద్ద తేడా ఏమీ కనపడలేదు. ఆయన తోటివాడు టిమొతీ చాంగ్‌కి క్లాసులో యాంటీబాడీలు ఎలా పుడతాయో చూపించడానికి కోళ్లు కావాల్సి వచ్చి వీటిలోంచి తీసుకున్నాడు. సాల్మొనెల్లా ఎక్కించాడు. సంచి లేని కోళ్లలో చాలావాటికి యాంటీబాడీలు రాలేదు. సైన్స్ పత్రిక ఆ వ్యాసాన్ని తిప్పికొడితే 1956లో పౌల్ట్రీ సైన్స్‌లో వేసుకున్నారు. తర్వాత 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ దాని అర్థం విప్పారు. మనకు ఈ సంచి లేదు. ఆ పని మనలో మూలుగే చేస్తుంది. అంటే బి కణం పుట్టేదీ మూలుగలోనే, ప్లాస్మా కణమై ఊరంతా తిరిగి చివరికి చేరేదీ మూలుగకే.

సంచిని ఫార్మలిన్ సీసాలో పెట్టాం.

జనవరి 30

నీళ్ల మోడల్. రక్తంలో యాంటీబాడీ మట్టాన్ని గొట్టంలో నీటి మట్టంగా చూపించాలి. కిందనుంచి కారేది యాంటీబాడీల అరుగుదల, పైనుంచి పడేది ప్లాస్మా కణాల పని.

పిల్లలు ముందు ప్లాస్టిక్ సీసాకి చిల్లు పెట్టి తెచ్చారు. నీళ్లు కారాయి, కానీ సగమయ్యే తీరు కుదరలేదు. మొదటి సగానికి పట్టిన టైం కంటే రెండో సగానికి తక్కువ పట్టింది. చిల్లులోంచి వచ్చే నీటి వేగం ఎత్తుకి వర్గమూలంలో ఉంటుంది కాబట్టి అంతే. మాకు కావాల్సింది ఎప్పుడు చూసినా ఒకే టైంలో సగమయ్యేది. అందుకు నీళ్లు సన్నటి పొడవాటి గొట్టంలోంచి మెల్లగా పోవాలి. అప్పుడు ప్రవాహం ఎత్తుతో సమానంగా తగ్గుతుంది. 20 మిల్లీలీటర్ల సిరంజి బారెల్, కింద 20 గేజి సూది. సూది మొనను ఆకురాయితో అరగదీసి మొద్దు చేశాం, సైన్స్ డేకి చిన్న పిల్లలు కూడా వస్తారు. మట్టాన్ని బారెల్ అడుగు నుంచి కాదు, సూది చివర నుంచి కొలవాలి. ఆ స్కేలు పక్కన అతికించాక సగమవడానికి మూడు నిమిషాల పైచిలుకు పట్టింది, మళ్లీ సగానికీ దాదాపు అంతే. ఒక నిమిషం అంటే ఒక వారం అనుకుంటే ఐజీజీకి సరిగ్గా అతికింది.

పైన సెలైన్ స్టాండుకు వేలాడదీసిన సీసా, మామూలు డ్రిప్ సెట్. ముందు బారెల్ నిండా నీళ్లు ఒక్కసారిగా పోస్తాం. అది టీకా వేసిన వారం పది రోజుల్లో వచ్చే తొలి దండు. ఆ ప్లాస్మా కణాలు ఎక్కువ రోజులు ఉండవు. మట్టం గబగబా దిగుతుంది. అప్పుడు రోలర్ తిప్పి డ్రిప్ వదిలితే, సెకనుకు ఒక చుక్క దగ్గర మట్టం ఒక చోట ఆగిపోతుంది. దిగదు, ఎక్కదు. డ్రిప్ కాస్త తగ్గిస్తే ఇంకొంచెం కింద ఆగుతుంది. చూసేవాడికి గొట్టంలో నీళ్లు కదలకుండా నిలబడ్డట్టే ఉంటుంది. కింద సూది చివర చేయి పెడితే తెలుస్తుంది, మూడు నిమిషాల క్రితం ఉన్న నీళ్లలో సగం ఇప్పుడు లేవని.

రంగు కోసం కుంకుమ కలిపితే సూది మూసుకుపోయింది, ఫుడ్ కలర్ వాడుతున్నాం.

మద్దిలపాలెం అమ్మాయి ఒక లెక్క తెచ్చింది. ఇదే కొలతలో ధనుర్వాతం 11 ఏళ్లు అంటే తొమ్మిదిన్నర గంటలు. అంటే గొట్టం మూడు నిమిషాలకు సగమవుతుంటే, డ్రిప్ సీసా వేగం సగమవడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టాలి. ఈ ఒక్క వాక్యం పెద్ద అక్షరాల్లో రాసి మోడల్ మీదే అతికించమన్నాను. బూస్టర్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 6

క్షయ రాకుండా బతికున్న బాక్టీరియాతో వేసే టీకా బీసీజీ. ఆ బోర్డు మీద పెద్ద వాదన. జ్ఞాపకం అంటే యాంటీబాడీలు, బి కణాలు, వాటికి సాయపడే టి కణాలు అని సిలబస్‌లో ఉంది. న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలకు జ్ఞాపకం లేదని అందులోనే ఉంది. "మళ్లీ ఇదెందుకు మేడమ్, వైవాలో అడిగితే ఏం చెప్పాలి?" అని టెన్షన్. ఉంచాల్సిందే అన్నాను.

మనలో చాలామందికి ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంది. పుట్టగానే వేసేది. 2018లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ బృందం ఎలుకలకు బీసీజీని రక్తనాళంలోకి ఎక్కించింది. బాక్టీరియా మూలుగ దాకా చేరి అక్కడ రక్తకణాలను పుట్టించే మూలకణాల పని తీరే మార్చింది. ఆ మూలకణాల నుంచి తర్వాత పుట్టిన మాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే కణాలు) క్షయ బాక్టీరియాను మామూలు వాటికంటే బాగా అదుపు చేశాయి. చర్మం కింద వేసినప్పుడు ఎలుకల్లో ఆ మార్పు రాలేదు. 2020లో మనుషులకు టీకా వేసి మూడు నెలల తర్వాత మూలుగ తీసి చూస్తే మూలకణాల్లో మార్పు కనిపించింది. ఇంకో ప్రయోగంలో బాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం ఒకసారి తగిలిన ఎలుకల మూలకణాలు, ఆ తర్వాత సూడోమోనాస్ అనే బాక్టీరియా వచ్చినప్పుడు మెరుగ్గా స్పందించాయి.

న్యూట్రోఫిల్ బతికేది గంటలో, మహా అయితే కొద్ది రోజులో. దాని చురుకుదనం నెలల తరబడి ఉందంటే మళ్లీ అదే ప్రశ్న: దాన్ని పంపుతున్నదెవరు? అందుకే ఈ బోర్డు నీళ్ల మోడల్ పక్కనే ఉండాలి. అయితే ఇది ఏ బాక్టీరియాను పేరుపెట్టి గుర్తుపట్టే జ్ఞాపకం కాదు. వచ్చే దేన్నైనా గట్టిగా ఎదుర్కొనే తీరు. ధనుర్వాతం యాంటీబాడీతో దీన్ని కలిపేయకూడదని కింద రాయించాను.

ఇదంతా మంచికే జరుగుతుందనీ లేదు. అసలు క్షయ బాక్టీరియాయే మూలుగకు చేరితే ఆ మూలకణాలు రక్షణ కణాలను తక్కువగా పుట్టించేలా చేస్తుందని కూడా 2020లోనే ఎలుకల్లో చూశారు.

ఫిబ్రవరి 13

టైఫాయిడ్ బోర్డు. వైజాగ్‌లో ఈ ఎగ్జిబిషన్‌కి వచ్చే పెద్దవాళ్లు ఆగేది ఇక్కడే అని నాకు ముందే తెలుసు. ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు, "నాకు ఏటా టైఫాయిడ్ వస్తుంది" అనేవాళ్లు.

టైఫాయిడ్ బాక్టీరియా సాల్మొనెల్లా టైఫి దాక్కునే చోట్లలో మూలుగ ఒకటి. రక్తం కల్చర్‌లో, అంటే రక్తంలోని బాక్టీరియాను ల్యాబులో పెంచి చూస్తే, రోగుల్లో సుమారు సగం మందిలోనే అది దొరుకుతుంది. మూలుగ కల్చర్‌లో 80 శాతం పైన దొరుకుతుంది, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక కూడా. కానీ జ్వరం వచ్చిన ప్రతివాడి తుంటిలోనూ సూది దించలేరు కదా, అందుకే అది అరుదు. ఇంకో చేదు సంగతి, ఒకప్పుడు టైఫాయిడ్‌కి పెద్ద దిక్కైన క్లోరాంఫెనికాల్ అరుదుగా కొందరిలో ఈ మూలుగనే ఎండగట్టేసేది.

ఇక వైడల్ పరీక్ష. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడల్ చెప్పింది. రోగి సీరంలో టైఫాయిడ్ బాక్టీరియా మీద యాంటీబాడీలు ఉన్నాయా, ఎంత పలచన చేసేదాకా బాక్టీరియాను గుంపు కట్టిస్తున్నాయి అని చూస్తుంది. రిపోర్టులో ఓ (బాక్టీరియా పైపొర మీద యాంటీబాడీలు), హెచ్ (దాని తోకల మీద యాంటీబాడీలు) అని, పక్కన ఎంత పలచన చేశారో 1:80, 1:160 అని ఉంటాయి. ఓ యాంటీబాడీలు నెలల్లో తగ్గుతాయి. హెచ్‌వి ఏళ్లు ఉండిపోతాయి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్, సాల్మొనెల్లా తెగలోని వేరే బాక్టీరియా, కొన్ని టీకాలు, ఏదైనా ఆ సంఖ్యను పైకి తేగలవు. అంటే వైడల్ పాజిటివ్ చాలాసార్లు ఇవాళ్టి జ్వరం గురించి కాదు, పాత కథను మూలుగ ఇంకా చెబుతూ ఉండడం గురించి.

మా తోడికోడలికి పోయిన వానాకాలం జ్వరం వచ్చిన రెండో రోజే ఒక ల్యాబులో వైడల్ చేసి టైఫాయిడ్ అన్నారు. కొన్నేళ్ల క్రితం ఆమెకు నిజంగానే టైఫాయిడ్ వచ్చింది. ఆ మాట ఎవరూ అడగలేదు. ఇంజెక్షన్లు మొదలయ్యాయి, జ్వరం దిగలేదు, చివరికి తేలింది డెంగీ. రెండో రోజుకి కొత్త టైఫాయిడ్ యాంటీబాడీలు పుట్టనైనా పుట్టవు, ఓ రావడానికే వారం పడుతుంది. ఈ సంగతి బోర్డు మీద పెట్టకపోతే నేను ఈ ప్రాజెక్టు చేసి ఏం లాభం? యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్ గురించి డాక్టర్‌ని అడగండి, మందులు మీ అంతట మీరు ఆపకండి, అని రెండు వాక్యాలు ఎర్ర అక్షరాల్లో రాయించాను.

దాని కిందే టైఫాయిడ్ టీకా. బాక్టీరియా పైన ఉండే వీఐ అనే చక్కెర పొరను ఒంటరిగా ఎక్కిస్తే టి కణాలు సాయానికి రావు. వాటి సాయం లేకుండా ఎక్కువ కాలం బతికే ప్లాస్మా కణాలు సరిగా తయారవ్వవు. అందుకే ఆ పాత టీకా మూడేళ్లకోసారి వేయాల్సి వచ్చేది, రెండేళ్లలోపు పిల్లలకు పనికొచ్చేది కాదు. ఆ చక్కెరను ధనుర్వాతం టాక్సాయిడ్‌కి అతికిస్తే ప్రొటీన్ ఉంది కాబట్టి టి కణాలు వస్తాయి. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ చేసిన టైప్‌బార్ టీసీవీ అలాంటిదే. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది, ఆరు నెలల పిల్లలకు కూడా వేయొచ్చు.

గాజువాక కుర్రాడు ఈ పేరా చదివి, "అంటే టీటీ టాక్సాయిడ్ ఇక్కడ కూలీకి వచ్చింది మేడమ్" అన్నాడు. బోర్డు మీద రాయలేం గానీ, మాట బాగుంది.

ఫిబ్రవరి 20

ట్రయల్ రన్. డ్రిప్ సీసా గంటకోసారి నింపాలి, అందుకు డ్యూటీ చార్టు వేశాం. మైక్రోస్కోపు దగ్గర లైను ఆగిపోతోంది. చూసేవాళ్లు ఏం చూడాలో తెలియక కన్ను పెట్టి అలాగే ఉండిపోతున్నారు. అందుకే పాయింటర్ ఉన్న ఐపీస్ పెట్టి, పక్కన అదే కణం ఫోటో పెద్దది అతికించాం.

మా అటెండర్ గారు అన్నీ తిరిగి చూసి మోడల్ దగ్గర ఆగారు. "అయితే మేడమ్, మూలుగ మారుస్తారంట కదా కేన్సర్ వాళ్లకి. మరి చిన్నప్పుడు వేసిన టీకాలన్నీ పోతాయా?"

పోతాయి, ఒక్కసారిగా కాదు. మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే మందులకు, రేడియేషన్‌కు కొన్ని ప్లాస్మా కణాలు తట్టుకున్నా, తర్వాతి ఏళ్లలో ధనుర్వాతం, డిఫ్తీరియా లాంటివాటి యాంటీబాడీలు క్రమంగా పడిపోతాయి. అందుకే మార్పిడి అయిన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వాళ్లకు చిన్నపిల్లల టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయడం మొదలుపెడతారు. బతికున్న బాక్టీరియాతో చేసే బీసీజీ మాత్రం వాళ్లకు వేయరు.

ఈ ప్రశ్న మా బోర్డుల్లో ఎక్కడా లేదు. మద్దిలపాలెం అమ్మాయి అప్పటికే చార్టు కొలుస్తోంది. టైఫాయిడ్ బోర్డు పక్కన అడుగున్నర జాగా ఉంది, రేపు అక్కడ పెడతాం.